1936 కంచు ఫలకం, 1939 సిమెంటు ముద్ర: మా అమ్మాయి స్కూల్లో అప్పుడు ఏం కట్టారు?

ప్రశ్న క్లుప్తంగా: లాస్ ఏంజెలెస్ కౌంటీలో మా అమ్మాయి చదివే స్కూలు 1914లో పెట్టారట. ముఖద్వారం పక్కన కంచు ఫలకం మీద "ఫెడరల్ ఎమర్జెన్సీ అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ పబ్లిక్ వర్క్స్, 1936" అని, దాంతోపాటు రూజ్‌వెల్ట్, ఇక్కీస్ పేర్లు ఉన్నాయి. వెనక గ్రౌండు దగ్గర నడకదారి సిమెంటులో "డబ్ల్యూపీఏ 1939" అని అచ్చు ఉంది. ఇప్పుడు స్కూలు డిస్ట్రిక్ట్ వాళ్లు బాండ్ డబ్బుతో స్కూలు బాగుచేస్తామంటూ పాత ఇనుప కిటికీలు, గ్రౌండు చుట్టూ ఉన్న రాతి మెట్లు తీసేస్తామంటున్నారు. మా ఆయనేమో "అదంతా మన ఉపాధి హామీ లాంటిది, జనానికి పని చూపించడానికి చేసిందే, అందులో దాచుకునేదేముంది" అంటున్నారు. అసలు అప్పుడు ఏం చేశారు? మేం దేనికోసం పట్టుబట్టాలి?

సమాధానం:

మీరు చూసిన ఫలకం ఒక సంస్థది, సిమెంటులో ముద్ర ఇంకో సంస్థది. పేర్లు దగ్గరగా ఉండటంతో ఇక్కడి వాళ్లు కూడా రెంటినీ కలిపేస్తుంటారు. ఫలకం ఉన్న పని టెండరు పిలిచి, కాంట్రాక్టరుకి ఇచ్చి, ఇన్‌స్పెక్టరు దగ్గరుండి చూస్తుండగా కట్టించింది. ముద్ర ఉన్న పని ఉద్యోగం లేనివాళ్లని ప్రభుత్వమే జీతం మీద పెట్టుకుని చేయించింది. మీ ఆయన మాట రెండోదానికి చాలావరకు వర్తిస్తుంది. మొదటిదానికి వర్తించదు. మీ ప్రాంతంలో 1936 నాటి స్కూలు భవనం వెనక నిరుద్యోగంతోపాటు ఒక భూకంపం కూడా ఉంది.

నేను కాలిఫోర్నియాలో పాత స్కూలు భవనాలకి భూకంప రెట్రోఫిట్, అంటే భూకంపాన్ని తట్టుకునేలా బలపరిచే పని, డిజైన్ చేసే స్ట్రక్చరల్ ఇంజనీరుని. కాబట్టి చరిత్ర కూడా గోడల వైపు నుంచే చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

1933 మార్చి 4న రూజ్‌వెల్ట్ ప్రమాణం చేసేనాటికి పని చేసేవాళ్లు, పని కోసం చూసేవాళ్లు కలిపి దాదాపు నలుగురికి ఒకరు ఖాళీగా ఉన్నారు. ఇక్కడ స్కూళ్లు అప్పట్లో నడిచింది ప్రధానంగా స్థానిక ఆస్తి పన్ను మీద. జనం పన్ను కట్టలేకపోయేసరికి స్కూలు బోర్డుల ఖజానా ఖాళీ అయింది. షికాగోలో టీచర్లకి జీతం బదులు చీటీలు రాసిచ్చిన రోజులవి. ఇక కప్పు కారుతోంది, బాయిలర్ చెడిపోయింది అంటే వినే నాథుడెవడు?

ఆ జూన్ 16న వచ్చిన చట్టంతో 330 కోట్ల డాలర్ల నిధితో పీడబ్ల్యూఏ పుట్టింది. మీ ఫలకం మీద ఉన్న పొడుగాటి పేరు దానిదే. దాన్ని ఇంటీరియర్ మంత్రి హెరాల్డ్ ఇక్కీస్ చేతిలో పెట్టారు. ఒక్క డాలరు పక్కదారి పట్టినా ఊరుకునే మనిషి కాదు. ప్లాను, లెక్క, ఒప్పందం అన్నీ చూశాకే సంతకం. దాంతో ఆలస్యం జరిగిందని తిట్టినవాళ్లున్నారు, కానీ ఆ కట్టడాలు ఇవాళ్టికీ నిలిచి ఉండటానికి ఆ చాదస్తం కూడా కారణమే అని నా అభిప్రాయం. పద్ధతి ఏమిటంటే, ప్రాజెక్టు స్థానిక బోర్డుది. కూలి, సామగ్రి ఖర్చులో మొదట్లో 30 శాతం, 1935 నుంచి 45 శాతం ఫెడరల్ గ్రాంటు. మిగతాది ఊరివాళ్లు బాండ్లు పెట్టి తెచ్చుకోవాలి. ఆ బాండ్లు బయట ఎవరూ కొనకపోతే పీడబ్ల్యూఏనే కొని అప్పు ఇచ్చేది. ఎక్కువమందికి పని దక్కాలని, మామూలుగా ఒక్కో మనిషికి వారానికి 30 గంటలకి మించి పని ఇవ్వకూడదన్న షరతు కూడా పెట్టారు. 1933–39 మధ్య దేశంలో కొత్తగా లేచిన విద్యా భవనాల్లో సుమారు 70 శాతం ఈ సంస్థ డబ్బు సాయంతో కట్టినవే.

ఇక్కీస్ ఫైళ్లు తిరగేస్తుండగానే చలికాలం ముంచుకొచ్చింది. ఆకలి ఫైళ్ల కోసం ఆగదు కదా అని నిరుద్యోగ సహాయం చూసే అధికారి హ్యారీ హాప్కిన్స్ పోరు పెట్టాడు. 1933 నవంబరులో సీడబ్ల్యూఏ అని ఒక తాత్కాలిక పథకం వచ్చింది. జనవరికల్లా అందులో 40 లక్షల మందికి పైగా పనిలో ఉన్నారు. మరుసటి మార్చిలో మూసేశారు. ఆ కొద్ది నెలల్లోనే దాదాపు 40,000 స్కూళ్లని కట్టడమో, బాగుచేయడమో జరిగింది. ఎక్కువగా రంగులు, కప్పు మరమ్మతులు, మురుగు పైపులు, గ్రౌండు చదును చేయడం వంటివి. వీటికి ఫలకాలు పెట్టే తీరికా లేదు, ఆ అలవాటూ లేదు. అందుకే తమ స్కూల్లో ఆ పని జరిగిందని చాలామందికి తెలియదు.

ఆ తర్వాత 1935 మేలో హాప్కిన్స్ చేతికే డబ్ల్యూపీఏ (వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్) వచ్చింది, మీ సిమెంటు ముద్ర దీనిదే. 1943లో మూతపడేదాకా మొత్తం మీద 85 లక్షల మంది అందులో పనిచేశారు. జీతం ప్రాంతాన్ని, నైపుణ్యాన్ని బట్టి నెలకి 19 నుంచి 94 డాలర్లు, సగటున సుమారు 42. మామూలుగా ఇంటికి ఒక్కరికే. కూలి వాషింగ్టన్, అంటే ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చేది. సిమెంటు, రాయి, పనిముట్ల భారం ఎక్కువగా స్థానిక స్పాన్సరు మీద పడేది, అంటే స్కూలు బోర్డో, ఊరి కౌన్సిలో.

ఈ ఒక్క షరతు తెలిస్తే మీ గ్రౌండు చుట్టూ రాతి మెట్లు ఎందుకొచ్చాయో అర్థమవుతుంది. బోర్డు దగ్గర డబ్బు లేదు, కాబట్టి సామగ్రి చవకగా రావాలి. వాషింగ్టన్ డబ్బు కూలికే పోవాలి, కాబట్టి పనిలో చేతులు ఎక్కువ కావాలి, యంత్రాలు తక్కువ కావాలి. రెండింటికీ సరిపోయేది దగ్గర్లో దొరికే రాయి. తెచ్చి, చేత్తో చెక్కి, ఒక్కోటి పేర్చుకుంటూ పోవడమే. అమెరికా అంతటా డబ్ల్యూపీఏ గుర్తులు అలాంటి చోట్లే కనిపిస్తాయి: రిటైనింగ్ గోడలు, మెట్ల వరసలు, స్టేడియం గ్యాలరీలు, కాలిబాటలు, వాననీటి కాలువలు. 1927లో తెరిచిన లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూలు తెలుసుగా, 1957లో తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థుల్ని సైనికుల కాపలాతో లోపలికి పంపిన స్కూలు. దాని క్విగ్లీ స్టేడియం 1936లో డబ్ల్యూపీఏ కట్టిందే. మొత్తంగా డబ్ల్యూపీఏ కట్టిన కొత్త స్కూళ్లు 5,900. కొత్త ఆడిటోరియంలు, జిమ్‌లు, వినోద భవనాలు కలిపితే 9,300. బాగుచేసిన పాత భవనాలైతే అన్ని రకాలూ కలిపి 85,000.

పెద్ద భవనాలు వాళ్లు తక్కువగా కట్టడానికి ఇంకో కారణం ఉంది. ఇక్కీస్‌కీ హాప్కిన్స్‌కీ పడేది కాదు. 1935లో రూజ్‌వెల్ట్ మధ్యలో గీత గీసి, 25,000 డాలర్లు దాటిన కట్టడాలు ముందు పీడబ్ల్యూఏ దగ్గరికి పోవాలన్నాడు. హాప్కిన్స్ మనుషులు ఒక పెద్ద పనిని నాలుగు చిన్న పనులుగా ముక్కలు చేసి ఆ గీత దాటిన సందర్భాలూ ఉన్నాయి. ఈ తెలివితేటలు మనకి కొత్త కాదనుకోండి!

ఇక అసలు విషయం.

1933 మార్చి 10, శుక్రవారం, సాయంత్రం 5 గంటల 54 నిమిషాలు. రూజ్‌వెల్ట్ పదవిలోకి వచ్చి వారం కూడా కాలేదు. లాంగ్ బీచ్ భూకంపం అంటారు. తీవ్రత 6.4, కాలిఫోర్నియా లెక్కలో మరీ పెద్దదేమీ కాదు. సుమారు 120 మంది పోయారు. ఇంజనీర్లని నిలువునా వణికించింది మాత్రం స్కూళ్ల పరిస్థితి. కూలినవి, బాగా దెబ్బతిన్నవి, లోపలికి వెళ్లడానికి పనికిరావని తేలినవి కలిపి 230కి పైగా స్కూలు భవనాలు. లాంగ్ బీచ్‌లో జెఫర్సన్ జూనియర్ హైస్కూలు కూలిన ఫొటోలు నెట్‌లో దొరుకుతాయి, చూడండి. అదే మధ్యాహ్నం రెండింటికి వచ్చి ఉంటే వేల మంది పిల్లలు లోపల ఉండేవాళ్లు. ఈ ఆలోచనే రాష్ట్రాన్ని కదిలించింది.

ఎందుకు కూలాయి? 1900–1930 మధ్య కట్టిన ఇటుక స్కూళ్లు చూడముచ్చటగా ఉండేవి: మధ్యలో గోపురం లాంటి టవరు, ఎత్తైన పిట్టగోడ, ముఖద్వారం మీద బరువైన అలంకారం, వెలుతురు కోసం వరసగా పెద్ద కిటికీలు. కిటికీకీ కిటికీకీ మధ్య మిగిలేది సన్నటి ఇటుక స్తంభమే. లోపల ఇనుప కడ్డీ ఉండదు. చాలాచోట్ల వాడింది నాసిరకం సున్నం మసాలా. పైగా చెక్క అంతస్తులు ఇటుక గోడల మీద ఊరికే ఆని ఉండేవి, గట్టిగా కట్టేసి ఉండేవి కావు. మూత తీసేసిన అట్టపెట్టె పక్కలు ఎలా ఊగుతాయో, భూమి కదిలినప్పుడు ఆ గోడలూ అలాగే బయటికి ఒరిగాయి. ముందుగా రాలిపడింది పిట్టగోడలూ ద్వారం మీది అలంకారాలూ. అంటే భూకంపం వస్తే పిల్లలు ఏ గుమ్మంలోంచి బయటికి పరిగెత్తుతారో, సరిగ్గా అక్కడే టన్నుల కొద్దీ ఇటుక పడుతుంది. స్కూలుకి అందం తెచ్చిన చోటే అన్నిటికంటే ప్రమాదకరమైనది.

సరిగ్గా నెల తిరిగేసరికి, ఏప్రిల్ 10న, ఫీల్డ్ చట్టం వచ్చింది. డాన్ ఫీల్డ్ అనే శాసనసభ్యుడు తెచ్చింది కాబట్టి ఆ పేరు. ఇకమీదట పబ్లిక్ స్కూలు ప్లాన్లు ఊరి బోర్డు చూస్తే చాలదు, రాష్ట్ర ఆర్కిటెక్చర్ విభాగం ఆమోదించాలి. లైసెన్సు ఉన్న ఆర్కిటెక్టో, స్ట్రక్చరల్ ఇంజనీరో డిజైన్ చేయాలి. పని జరుగుతున్నంతకాలం ఇన్‌స్పెక్టరు సైటు మీద ఉండాలి. ప్లాన్ ప్రకారమే కట్టామని అందరూ ప్రమాణపూర్వకంగా సంతకం పెట్టాలి, అబద్ధమైతే శిక్ష. 1952 కెర్న్ కౌంటీ భూకంపాల్లో పాత ఇటుక స్కూళ్లు చితికితే, ఈ చట్టం కింద కట్టినవి బాగా తట్టుకున్నాయి. నేనూ ప్రాజెక్టుల్లో ఈ చట్టం కింద తిప్పలు పడుతూనే ఉంటాను. పేపర్ వర్కుకి తల వాచిపోతుంది. అయినా దీన్ని సడలించమని మాత్రం నా నోట రాదు.

చట్టం వచ్చింది సరే, డబ్బేది? లాంగ్ బీచ్, లాస్ ఏంజెలెస్ పిల్లలు గుడారాల్లో చదువుతున్నారు. ఆ సమయానికే పీడబ్ల్యూఏ పుట్టింది. దక్షిణ కాలిఫోర్నియాలో ఆ సంస్థ ఫలకాలు ఇన్ని స్కూళ్ల మీద కనిపించడానికి కారణం ఇదే. వేరే రాష్ట్రాల్లో ఆ డబ్బుతో పెరిగిన పిల్లలకి కొత్త గదులు కట్టుకున్నారు. ఇక్కడ దాంతోపాటు కూలిపోబోయే గోడల్ని పడగొట్టి, మళ్లీ కట్టుకున్నారు. వెనిస్ హైస్కూలు, హాలీవుడ్ హైస్కూలు ఆ దశకంలో అలా రూపు మార్చుకున్నవే. అలంకారం లేని నున్నటి గోడలు, గుండ్రటి మూలలు, అడ్డంగా సాగే గీతలు కనిపిస్తాయి వాటిలో. స్ట్రీమ్‌లైన్ మోడర్న్ అంటారు ఆ శైలిని. అది ఆ కాలపు ఫ్యాషన్ అని పుస్తకాలు రాస్తాయి, నిజమే. నా మట్టుకు నాకు ఆ నున్నటి గోడల్లో ఫ్యాషన్ ఎంతో భయమూ అంతే కనిపిస్తుంది. తల మీద రాలిపడేది ఏదీ ఉండకూడదు అన్న భయం.

మీ స్కూలుకి ఏం జరిగిందో మీరే చాలావరకు పోల్చుకోవచ్చు. 1920ల నాటి ఇయర్‌బుక్ ఒకటి స్కూలు లైబ్రరీలోనో, ఊరి లైబ్రరీలోనో దొరుకుతుంది. అందులో ముఖభాగం ఫొటో పట్టుకుని ఎదురుగా నిలబడండి. అప్పుడు ఉండి ఇప్పుడు లేనివి ఏమిటి? టవరు, పిట్టగోడ, ఒక్కోసారి పై అంతస్తు మొత్తం. కిటికీల వరస, మెట్లు ఉన్నచోటే ఉండి పైభాగం మాత్రమే మారితే, పాత భవనాన్ని బలపరిచారని అర్థం. ఏదీ కలవకపోతే కొత్తగా కట్టారన్నమాట.

తర్వాత కిటికీ దగ్గరికెళ్లి గోడ మందం చూడండి. బలపరిచిన గోడ అసాధారణంగా లావుగా ఉంటుంది. అలాంటి గోడకి రంధ్రం కోసి శాంపిల్ తీసినప్పుడు రెండు కాలాలూ చేతిలోకి వస్తాయి. బయటివైపు ఎర్ర ఇటుక, దాని సందుల్లోని మసాలా గోటితో గీకితే ఇసుకలా రాలుతుంది. లోపలివైపు నాలుగైదు అంగుళాల బూడిదరంగు కాంక్రీటు, మధ్యలో కడ్డీల వల. దాన్ని గనైట్ అంటారు. గొట్టంతో ఒత్తిడి మీద గోడకి చిమ్మిన కాంక్రీటు అది. ఆ పొర వేశాక ఇటుక బరువు మోసే బాధ్యత చాలావరకు దానిదే. ఇక కొత్తగా పోసిన కాంక్రీటు భవనమైతే, ఏటవాలుగా ఎండ పడే వేళ బయటి గోడని చూడండి. సెంట్రింగ్ చెక్కల అచ్చులు అడ్డంగా, సన్నటి గీతల్లా కనిపిస్తాయి. వాటి మీద మందంగా ప్లాస్టరు చేసి, రంగు వేసేసి ఉంటే మాత్రం కనిపించవు.

ఇక్కడో హెచ్చరిక. "1936లో బలపరిచారు కదా, ఇక భయం లేదు" అనుకోకండి. ఆనాటి లెక్కలు ఆనాటి తెలివిని బట్టి వేసినవి. 1971 శాన్ ఫెర్నాండో భూకంపం తర్వాత భవన నిర్మాణ కోడ్‌లు బాగా మారాయి. 1999లో వచ్చిన ఏబీ 300 చట్టం కింద రాష్ట్రం 1978కి ముందు కట్టిన, చెక్క ఫ్రేము కాని స్కూలు భవనాల చిట్టా తీసింది. అందులో 7,537 భవనాలకి ఇంకాస్త లోతైన పరిశీలన కావాలని 2002లో తేల్చింది. మీ భవనం ఆ జాబితాలో ఉందా, ఉంటే తర్వాత ఏం చేశారు అన్నది మీటింగులో మీరు అడగాల్సిన మొట్టమొదటి ప్రశ్న. కిటికీల కన్నా, మెట్ల కన్నా ముందు ఇది.

మీ ఆయన పోలిక సంగతికి వస్తాను. డబ్ల్యూపీఏకి మన ఉపాధి హామీతో నిజంగానే చుట్టరికం ఉంది. 2005 నాటి చట్టంలో కూలికి 60, సామగ్రికి 40 అన్న లెక్క ఎందుకు పెట్టారో, అక్కడ కూలి ఫెడరల్ ఖాతాలో, సామగ్రి ఎక్కువగా ఊరి ఖాతాలో పడింది కూడా అందుకే. డబ్బు మనిషి చేతికి చేరాలి. అంతకుముందు మన వైపు 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించింది కూడా ఇలాంటి ఆలోచనతోనే. నిందలూ ఒకటే: పార మీద గడ్డం ఆనించి నిలబడే కూలీ బొమ్మ ఆ రోజుల్లో అమెరికా పత్రికల కార్టూన్లలో మామూలు. తేడా ఎక్కడంటే, డబ్ల్యూపీఏ పనికొచ్చినవాళ్లలో చెప్పుకోదగ్గ సంఖ్యలో మేస్త్రీలు, వడ్రంగులు, రాతి పనివాళ్లు, డ్రాఫ్ట్స్‌మెన్ ఉన్నారు. మాంద్యం నైపుణ్యం ఉన్నవాణ్ణీ లేనివాణ్ణీ ఒకే క్యూలో నిలబెట్టింది. మీ గ్రౌండు మెట్లు దగ్గర్నుంచి చూస్తే ఒకే వరసలో రెండు రకాల చేతులు తెలిసే అవకాశం ఉంది. ఒకచోట రాళ్లు బిగువుగా కూర్చుని ఉంటాయి, ఇంకోచోట సందుల్లో సిమెంటు దట్టించి సరిపెట్టి ఉంటారు. పక్కనున్న మేస్త్రీని చూసి నేర్చుకున్నవాళ్ల పని అది.

అందరికీ సమానంగా దక్కిందనుకుంటే పొరపాటు. ఏ పని చేయాలో ఎంచుకునేది స్థానిక స్పాన్సరు కాబట్టి, దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్ల స్కూలుకి జిమ్ వస్తే నల్లవాళ్ల స్కూలుకి అందులో పిసరంత దక్కడమే కష్టమయ్యేది. ఆడవాళ్లకి తాపీ పని దక్కలేదు. వాళ్లలో చాలామందిని కుట్టుపనికి, వంటకి, చిరిగిన పుస్తకాలకి అట్టలు వేసే పనికి పంపారు. ఆ వంట మాత్రం చిన్న సంగతి కాదు. డబ్ల్యూపీఏ నడిచినన్నాళ్లలో బడి పిల్లలకి పెట్టిన మధ్యాహ్న భోజనాలు 120 కోట్లు. స్కూలుకి జరిగిన మేలు అంటే సిమెంటూ ఇటుకే లెక్కపెడతాం, ఇది ఏ ఫలకం మీదా ఉండదు. 16–25 ఏళ్ల కుర్రాళ్లకి ఎన్‌వైఏ అని వేరే పథకం ఉండేది. హైస్కూలు పిల్లలు బడిలోనే చిన్నాచితకా పని చేసి నెలకి 6 డాలర్ల దాకా తెచ్చుకునేవాళ్లు. టెక్సాస్‌లో దాన్ని నడిపిన కుర్ర అధికారి లిండన్ జాన్సన్, తర్వాత దేశాధ్యక్షుడైన ఆయనే.

బొమ్మల సంగతి కూడా చూడండి. లైబ్రరీలోనో, ఆడిటోరియం వరండాలోనో గోడ మీద ఆ కాలపు చిత్రం ఏదైనా ఉంటే వెంటనే డిస్ట్రిక్ట్ దృష్టికి తీసుకెళ్లండి. అలాంటివి తర్వాతి రంగుల కింద దాగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. వీటి చుట్టూ గొడవలు ఎలా ఉంటాయో శాన్ ఫ్రాన్సిస్కో జార్జ్ వాషింగ్టన్ హైస్కూల్లో చూశాం. 1936లో విక్టర్ ఆర్నటోఫ్ తడి సున్నం మీద వేసిన 13 పలకల కుడ్యచిత్రంలో వాషింగ్టన్ పొలంలో బానిసలు, నేల మీద చచ్చిపడి ఉన్న ఆదివాసీ కనిపిస్తారు. ఆయన అది విమర్శగానే వేశాడు. రోజూ దాని ముందునుంచి నడిచే పిల్లలకి మాత్రం అది విమర్శలా కాక గాయంలా తగిలిందని తల్లిదండ్రులు అన్నారు. 2019 జూన్‌లో బోర్డు దాన్ని రంగేసి చెరిపేయాలని తీర్మానించింది, ఆగస్టులో చెరపకుండా పలకలతో కప్పుదామంది, తర్వాత కోర్టు కేసు దాకా పోయి ఆ నిర్ణయమూ నిలవలేదు. నా ఓటు ఉంచి, వివరించడానికే. కానీ పిల్లల మాటని కొట్టిపారేయడానికి నాకు మనసు రాదు.

ఇప్పుడు దేనికోసం పట్టుబట్టాలి? రాతి మెట్ల కోసం. మొహమాటం లేకుండా చెప్తున్నాను, ఇవాళ ఆ పని చేయించే స్తోమత ఏ స్కూలు డిస్ట్రిక్ట్‌కీ లేదు. ఒకసారి తీసేస్తే మళ్లీ రావు. వీల్‌చెయిర్ ర్యాంపు కావాలన్న కారణం చెబుతారు, అది న్యాయమైన అవసరమే, దానికి అడ్డం పడకండి. ర్యాంపు ఇంకో వైపు నుంచి తేవచ్చా, మెట్లలో ఒక కొసని మాత్రమే విప్పి సరిపెట్టొచ్చా అని అడగండి. చాలాసార్లు కుదురుతుంది. నడకదారిలో ముద్ర ఉన్న పలకని చుట్టూ రంపంతో కోసి, అలాగే ఎత్తి పక్కన పెట్టించొచ్చు, పెద్ద ఖర్చేమీ కాదు. కంచు ఫలకం విషయంలో నోటిమాట నమ్మకండి. "తీసి, భద్రపరిచి, తిరిగి బిగించాలి" అని కాంట్రాక్టు డ్రాయింగులోనే రాయించండి. డ్రాయింగులో లేని వస్తువు చెత్త లారీ ఎక్కేస్తుంది, కాంట్రాక్టరుని తప్పుపట్టడానికీ ఉండదు.

కిటికీల విషయంలో మీకు నచ్చని మాట చెప్తాను. అన్నిటికోసం పోట్లాడకండి. పాత స్టీలు కిటికీలు అందంగానే ఉంటాయి, ఓపికున్న మనిషి దొరికితే బాగుచేయొచ్చు కూడా. కానీ ఎండాకాలం ఆ గదుల్లో కూర్చునేది మీ అమ్మాయి, మనం కాదు. పైగా ఆ పాత రంగులో సీసం, గాజుల చుట్టూ పెట్టిన లప్పంలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ముఖభాగంలోవి, ఆడిటోరియంవి ఉంచమనండి. వెనక క్లాసురూముల్లో మార్చుకోనివ్వండి, కొత్తవాటిలో గాజుల విభజన పాతవాటిలాగే ఉండాలని మాత్రం అడగండి. అన్నిటికీ కాదంటే దేనికీ విలువ ఉండదు, బోర్డు మెంబర్లు మిమ్మల్ని అడ్డుపుల్లల జాబితాలో వేసేస్తారు.

మీటింగుకి ముందు కాగితాలు సంపాదించండి. అందరూ నేషనల్ ఆర్కైవ్స్ అంటారు. నిజమే, డబ్ల్యూపీఏ రికార్డులు అక్కడ 69వ గ్రూపులో, పీడబ్ల్యూఏవి 135వ గ్రూపులో ఉన్నాయి. కానీ మీకు ముందు పనికొచ్చేవి దగ్గర్లోనే ఉంటాయి. స్కూలు బోర్డు మినిట్స్ పుస్తకాల్లో 1933 మార్చి నుంచి 1936 దాకా చదవండి. గ్రాంటుకి అర్జీ, డాకెట్ నంబరు (ప్రాజెక్టు ఫైలు నంబరు), టెండర్లు, ఎవరికి ఎంతకి ఇచ్చారు అన్నీ తీర్మానాలుగా ఉంటాయి. తర్వాత శాన్‌బోర్న్ ఇన్సూరెన్స్ మ్యాపులు, ఏ భవనం దేంతో కట్టారో రంగుల్లో చూపే పాత మ్యాపులివి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో చాలా ఉన్నాయి. ఇటుక గులాబీరంగు, చెక్క పసుపు, రాయి-కాంక్రీటు నీలం. భూకంపం ముందు మ్యాపు, తర్వాతి మ్యాపు పక్కపక్కన పెడితే ఏ భాగం గులాబీ నుంచి నీలమైందో ఇట్టే తెలుస్తుంది. రూజ్‌వెల్ట్ నాటి ఈ పథకాలన్నిటినీ కలిపి న్యూ డీల్ అంటారు; బర్కిలీ యూనివర్సిటీలో మొదలైన లివింగ్ న్యూ డీల్ మ్యాపులో మీ స్కూలు ఉందేమో కూడా చూడండి. లేకపోతే మీరే వివరాలు పంపొచ్చు.

ఎవరూ చెప్పని ఒక దారి ఉంది. 1986 నాటి ఆహెరా చట్టం ప్రకారం ప్రతి స్కూలూ ఆస్‌బెస్టాస్ మేనేజ్‌మెంట్ ప్లాన్ ఉంచుకోవాలి, తల్లిదండ్రులు అడిగితే చూపించాలి. ఆఫీసు రూములో బీరువాలో దుమ్ము పట్టి ఉంటుంది. అందులో గది గదికీ నేలమీద ఏముంది, పైపులకి ఏం చుట్టారు, ఏ భాగం ఎప్పటిది అని రాసి ఉండటం మామూలే. చరిత్ర కోసం రాసింది కాదు గానీ, భవనం వయసు తేల్చడానికి నాకు చాలాసార్లు ఇదే ముందు పనికొచ్చింది.

బాండ్ ప్రాజెక్టుకి సీక్వా (కాలిఫోర్నియా పర్యావరణ చట్టం) కింద పర్యావరణ పరిశీలన జరగాల్సి ఉంటే, చారిత్రక కట్టడానికి నష్టం అన్నది అందులో చర్చకి రావాల్సిన అంశమే. మీ అభ్యంతరం మైకులో చెప్పి ఊరుకోకండి, గడువులోగా రాతపూర్వకంగా ఇవ్వండి. రాసిచ్చినదానికే తర్వాత విలువ. 1936 నాటి ఒరిజినల్ స్ట్రక్చరల్ డ్రాయింగులు డిస్ట్రిక్ట్ ఫెసిలిటీస్ ఆఫీసులో గానీ, రాష్ట్ర ఆర్కిటెక్ట్ డివిజన్ ఫైళ్లలో గానీ దొరకొచ్చు. మర్యాదగా అడిగితే ఇవ్వకపోతే, పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద ఈమెయిల్ పెట్టండి, మామూలుగా పది రోజుల్లో ఏదో ఒక జవాబు చెప్పాలి. భద్రత పేరుతో కొన్ని షీట్లు ఆపొచ్చు, దానికి టెన్షన్ పడకండి. గోడల సెక్షన్, కప్పు వివరాలు ఉన్న షీట్లు మాత్రం ఆఫీసులోనే కూర్చుని చూడనివ్వమని అడగండి. అందులో ఏం రాసి ఉందో ఇక్కడ పెడితే, బలపరిచిందో కొత్తగా కట్టిందో చూసి చెప్తాను.